చిట్టి సైనికులు: నల్లగొండ, పాలమూరు సేనలకు రంగూ నేలా

ఒక కాలానికి, ఒక ప్రాంతానికి, ఒక సేనకు చెందిన మనిషిని రెండు మూడు అంగుళాలు మించని బొమ్మగా పోతపోసి, అతని బట్టలకూ ఆయుధాలకూ ఆధారాలు వెతికి రంగులు వేసి, అతను నడిచిన నేలలాంటి నేలను పీఠం మీద పరిచి నిలబెట్టడమే చారిత్రక సైనికుల చిట్టిబొమ్మల కళ. ఆటబొమ్మకూ దీనికీ తేడా ఆధారం దగ్గరే వస్తుంది. ఆటబొమ్మ సిపాయికి ఏ రంగు కోటు తొడిగినా పిల్లవాడు అభ్యంతరం చెప్పడు. ఈ బొమ్మను చూసేవాడు మాత్రం ఈ తలపాగా ఏ కాలానిది, ఈ బాకు ఏ శిల్పంలో ఉంది, ఈ బంటు కాలికి చెప్పులెందుకున్నాయి అని అడుగుతాడు.

ఐరోపాలో ఈ అలవాటు 18వ శతాబ్దం చివరికే గట్టిపడింది. నూరెంబర్గ్ పోతపనివాళ్ళు తగరంతో పలచని, బిళ్ళలాంటి సైనికులను చేసి అమ్మేవారు. 1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ కుటుంబం లోపల బోలుగా ఉండే సీసపు బొమ్మను పోతపోసే పద్ధతి కనిపెట్టింది. సీసం తక్కువ పట్టడంతో ధర తగ్గి, 54 మిల్లీమీటర్ల సైనికుడు మధ్యతరగతి ఇళ్ళలోకీ వచ్చాడు. ఆ సంస్థ జాబితాల్లో బెంగాల్ రౌతులతో పాటు మద్రాసు పదాతులూ ఉండేవారు. 1913లో రచయిత హెచ్.జి.వెల్స్ ఇలాంటి బొమ్మలతో ఆడే యుద్ధక్రీడకు నియమాలు రాసి పుస్తకంగా వేశాడు. తరవాత ప్లాస్టిక్ వచ్చింది. ఇప్పుడు 28 మిల్లీమీటర్ల లోహపు బొమ్మలు, రెసిన్ బొమ్మలు, ఇంట్లోనే త్రీడీ ప్రింటర్ మీద తీసుకునే బొమ్మలు వాడుకలో ఉన్నాయి. సీసపు సైనికులను కళ్ళారా చూడాలనుకునే తెలుగువాడు లండన్ దాకా వెళ్ళక్కర్లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన ఆటవస్తువుల్లో అలాంటి దళాలు కొన్ని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బారులు తీరి ఉన్నాయి.

కొయ్య వీరులు

రంగు వేసిన చిన్న వీరుడి బొమ్మ తెలంగాణకు కొత్తది కాదు. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవాళ్ళు కొయ్యబొమ్మలను వరసగా నిలిపి, కథలో ఎవరి వంతు వస్తే వారి బొమ్మను ముందుకు తెచ్చి, శత్రురాజు నల్లసిద్ధితో జరిగిన పోరును కళ్ళకు కడతారు. ఆ బొమ్మలు నకాషీ చిత్రకారుల చేతి పని. పటం మీద ఎర్రటి నేపథ్యం వేసి కులపురాణాలు గీసిన చేర్యాల నకాషీలే కొయ్య మీదా అదే కుంచెతో కళ్ళూ మీసాలూ దిద్దారు.

వాళ్ళ పనిక్రమానికీ ఇప్పటి చిట్టిబొమ్మల పనిక్రమానికీ పోలిక గమనించదగ్గది. తేలికైన తెల్లపొణికి కొయ్యను చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకులు, గుంటలు పూడుస్తారు. పైన తెల్లటి సుద్దపూత పూసి, ఆరాకే రంగు అందుకుంటారు. లోహపు బొమ్మకు వేసే ప్రైమర్ చేసే పని కూడా ఆ తెల్లపూత చేసేదే. ఉపరితలాన్ని ఒక్కటి చేసి రంగుకు పట్టు ఇస్తుంది. కొండపల్లిలోనూ ఇదే పద్ధతి. అయితే నకాషీ కళాకారుడు సైనికుడి దుస్తులకు చారిత్రక సాక్ష్యం వెతకడు. కథలో ఆ పాత్రకున్న స్థానమే రంగును నిర్ణయిస్తుంది. అది వేరే ధర్మం, దానిదైన గొప్పతనం దానికుంది. ఈ వ్యాసం మాట్లాడేది కొలతా సాక్ష్యమూ అడిగే రెండో ధర్మం గురించి.

యూనిఫాం లేని సేనలు

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) మిట్టల మీద రెండు వేల ఏళ్ళుగా సైన్యాలు నడిచాయి. అందరికీ ఒకే గుడ్డ, ఒకే రంగు కోటు అనే పద్ధతి ఇక్కడికి వచ్చి మూడు వందల ఏళ్ళు కూడా కాలేదు. కాబట్టి ఈ ప్రాంతపు పాత సేనల విషయంలో కచ్చితత్వం అంటే బొమ్మలన్నిటినీ ఒకేలా చేయడం కాదు, ఒకదానికొకటి సరిపోలకుండా చేయడం. ఇరవై మంది కాకతీయ బంట్లకు ఒకే ఎరుపు ధోవతి కట్టిస్తే ఆ దళం ఎంత ముచ్చటగా ఉన్నా తప్పే. నాయంకర వ్యవస్థలో ఒక్కో నాయకుడు తన బంట్లను తాను పోషించుకుని యుద్ధానికి తెచ్చేవాడు. రాజు ఖజానా నుంచి బట్టలు కుట్టించి పంచే ఏర్పాటు ఊహించుకోవడానికి ఆధారం లేదు. సినిమాల్లో వరసగా నిలబడే తోలు కవచాల సైనికులు మన కంటికి ఎంతగా అలవాటైపోయారంటే, కొత్తగా కుంచె పట్టినవాళ్ళు మొట్టమొదట చేసే పొరపాటు అదే.

మరి ఆధారాలు ఎక్కడున్నాయి? రాతి మీద. అవి చాలా ఉన్నాయి, పైగా ఊళ్ళలోనే ఉన్నాయి.

అన్నిటికన్నా పాతవి బౌద్ధ క్షేత్రాల శిల్పాలు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి తవ్వకాల్లో దొరికిన ఒక స్తంభం మీద ఈటె పట్టుకున్న విదేశీ సైనికుడు ఉన్నాడు. ఒంటికి కుట్టిన చొక్కా, కాళ్ళకు లాగు, నెత్తిన టోపీ. శకుడని పండితులు గుర్తించారు. పక్కపక్క శిల్పాల్లోనే నడుముకు గుడ్డ మాత్రం కట్టుకున్న స్థానికులు కనిపిస్తారు. అంటే ఒకే రాజు కొలువులో కుట్టిన బట్టల కిరాయి సైనికుడూ, కట్టుబట్టల స్థానిక యోధుడూ కలిసి ఉన్నారు. బొమ్మలు చేసేవారికి ఇంతకన్నా మంచి జంట దొరకదు. ఆ లోయలోనే చనిపోయిన సైనికుల పేర నిలిపిన ఛాయాస్తంభాలూ బయటపడ్డాయి. సూర్యాపేట దగ్గరి ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్ళాయి. తలపాగా ముడి, గుర్రపు కళ్ళెం వంటి చిన్న వివరాలకు అలాంటి చెక్కడాలను దగ్గరగా తీసిన ఫొటోల్లో చూడాలి.

తరవాతివి వీరగల్లులు. నల్లగొండ పక్కన పానగల్లు మ్యూజియంలో, కొలనుపాకలో, ఇంకా ఎన్నో ఊళ్ళ పొలిమేరల్లో ఇవి కనిపిస్తాయి. సాధారణంగా రాయిని అంతస్తులుగా విడదీసి, కింద వీరుడి పోరు, నడుమ అతన్ని అప్సరసలు తీసుకుపోవడం, పైన శివలింగం దగ్గర అతను కూచోవడం చెక్కుతారు. చిత్రకారుడికి పనికొచ్చేది కింది అంతస్తు. కత్తి పొడవు మోచేతితో పోలిస్తే ఎంత, డాలు గుండ్రమా కాదా, బాకు కుడివైపునా ఎడమవైపునా, జుట్టు కొప్పు ఎటు వాలింది, నడికట్టు ఎన్ని చుట్లు అన్నవి అక్కడ కొలుచుకోవచ్చు. వీరగల్లును మధ్యాహ్నపు ఎండలో ఫొటో తీస్తే ఏమీ కనబడదు. పొద్దున్నో సాయంత్రమో పక్కనుంచి పడే వెలుగులో అరిగిన గీత కూడా తేలుతుంది.

శాసనాల్లో నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం ప్రత్యేకమైనది. 1289 నవంబరు 27 నాటి ఈ రాయి రుద్రమదేవి మరణాన్ని చెప్పే ఆధారంగా ప్రసిద్ధి. దాన్ని వేయించినవాడు రాజూ కాదు, మంత్రీ కాదు. మల్లికార్జున నాయకుని బంటు పువ్వుల ముమ్మడి. రాణికీ తన నాయకుడికీ పుణ్యంగా సోమనాథదేవునికి భూమి ఇచ్చాడు. పేరూ, ఊరూ, నాయకుడూ, తేదీ తెలిసిన 13వ శతాబ్దపు సామాన్య సైనికుడు మనకు ఇలా దక్కాడు. నల్లగొండ సైనికుణ్ణి ఒక్కణ్ణే చేయాలనుకునేవారు మొదలుపెట్టాల్సింది ఇతనితోనే. దుస్తులకు అదే శతాబ్దపు ఆధారాలు దూరంలో లేవు. సూర్యాపేట పక్క పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు, 1213 నాటి రామప్ప గుడి స్తంభాలు, వరంగల్ దగ్గర బొల్లికుంటలో గుర్తించిన శిల్పాలు ఉన్నాయి. బొల్లికుంటలో గుర్రమెక్కి కత్తి పట్టి, నెత్తిన ఛత్రంతో ఉన్న మూర్తిని రుద్రమగా చరిత్రకారులు పోల్చారు.

రాయి ఆకారం చెబుతుంది గాని రంగు చెప్పదు. రంగుకు అద్దకం చరిత్రను అడగాలి. చిరువేరు ఇచ్చే ఎరుపు, నీలిమందు నీలం, పసుపు, కరక్కాయా ఇనుమూ కలిస్తే వచ్చే నలుపు, వీటి కలయికలు. సామాన్యుడి గుడ్డకు ఇవీ ఉండవు, అద్దని నూలు తెలుపే, అదీ మట్టికొట్టుకుపోయిన తెలుపు. 1856లో ఇంగ్లండులో పెర్కిన్ రసాయనిక ఊదారంగు కనిపెట్టాకే మెరిసే ఊదా, గులాబీ రంగులు చవకయ్యాయి. అంతకుముందటి సైనికుడికి ఆ రంగులు వేస్తే కాలం తప్పుతుంది. ఇనుపముక్కు ఈటెకు వెండిరంగు పూయడం కూడా అలాంటి తొందరపాటే. వాడుకలోని ఇనుము ముదురు బూడిదగా ఉండి, పదునుపెట్టిన అంచు మాత్రమే మెరుస్తుంది.

పాలమూరు వైపు వస్తే మధ్యయుగపు పెద్ద సంఘటన పానగల్లు కోట ముట్టడి. ఇది నల్లగొండ పానగల్లు కాదు, వనపర్తి దగ్గరిది. బహమనీ సుల్తాను ఫిరోజ్ షా 1417 ప్రాంతంలో దాన్ని ముట్టడించాడు. రెండేళ్ళ పాటు సాగిన ఆ ముట్టడి బహమనీ శిబిరంలో రోగాలు చెలరేగాక విజయనగర రాజు మొదటి దేవరాయల గెలుపుతో ముగిసింది. ఈ యుద్ధానికి బొమ్మలు చేసేవారికి గొప్ప అదృష్టం హంపీ హజారరామాలయం. దాన్ని కట్టించినవాడు ఆ దేవరాయలే. ప్రాకారం బయటి గోడ మీద ఏనుగులు, గుర్రాలు, వాటిని నడిపించే మనుషులు, నడిచే సైనికులు వరసలు వరసలుగా ఉన్నారు. పొడుగు అంగీలు, టోపీలు వేసుకున్న పడమటి దేశాల అశ్వశిక్షకులూ అందులో ఉన్నారు. గెలిచిన సేన దుస్తులను అదే కాలపు, అదే రాజు పనివాళ్ళు చెక్కిపెట్టడం అరుదు.

రాచకొండ, దేవరకొండలు ఏలిన పద్మనాయకుల సేనలకూ, 1708లో వరంగల్‌ను కొట్టి భువనగిరినీ వదలని సర్వాయి పాపన్న మనుషులకూ పనికొచ్చే సూత్రం మళ్ళీ అదే. పాపన్న సేనలో ఊళ్ళ నుంచి వచ్చిన మనుషులున్నారు. ధోవతి, రుమాలు, భుజం మీద గొంగడి. చేతుల్లో తుపాకులూ ఉన్నాయి, ఎందుకంటే అప్పటికి దక్కన్‌లో తుపాకీ పల్లె దాకా చేరింది. గొంగడి విషయంలో రంగు సమస్యే లేదు. అది దక్కనీ గొర్రె ఉన్ని నలుపు. దాన్ని శుద్ధ నలుపుతో వేయక, ముదురు గోధుమ కలిపిన నలుపుతో వేసి అంచుల మీద బూడిదరంగు తేలగొడితే పాలమూరు కురుమల మగ్గం మీద నేసిన గొంగడిలా కనిపిస్తుంది.

కోటు వచ్చింది

18వ శతాబ్దంలో ఫ్రెంచివారు, తరవాత ఇంగ్లీషువారు నిజాం రాజ్యంలో కవాతు నేర్పిన పటాలాలను తెచ్చారు. ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిన దళంలో సుమారు 14,000 మంది ఉండేవారు. అతను 1798 మార్చిలో చనిపోయాక, అదే ఏడు అక్టోబరులో ఆ దళాన్ని ఇంగ్లీషువారు నిరాయుధం చేశారు. నిజాం అలీఖాన్ అంతఃపురానికి కాపలా కాసిన జఫర్ పల్టన్ మరీ అరుదైనది. ఈస్టిండియా కంపెనీ సిపాయిల తరహా ఎర్రకోట్లు తొడుక్కుని తుపాకులు పట్టిన ఆడవాళ్ళ దళం అది. 1795 ఖర్దా యుద్ధానికీ వెళ్ళింది. చరిత్రలో స్త్రీ సైనికుల బొమ్మలు కావాలనుకునేవారు కల్పన మీద ఆధారపడాల్సిన పని లేదు.

మద్రాసు సేన సిపాయి 18వ శతాబ్దం చివర ఎర్రకోటు కింద మోకాళ్ళు కూడా దాటని తెల్ల లాగు వేసుకుని, చెప్పులతో నడిచేవాడు. పై సగం ఇంగ్లీషు, కింది సగం దేశీ. యూనిఫాంలో చిన్న ముక్క ఎంత ముఖ్యమో చెప్పడానికి 1806 చాలు. అంతకుముందటి ఏడు చివర కొత్త తరహా తలపాగా, దానికి తోలు తురాయి, గడ్డాల కత్తిరింపు, నుదుట బొట్టు పెట్టరాదన్న ఆజ్ఞలు వచ్చాయి. 1806 జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. హైదరాబాద్‌లో ఉన్న కంపెనీ సేనలోనూ అదే కోపం రగిలితే, అక్కడి అధికారి మాంట్రెసర్ ఆజ్ఞలను వెనక్కి తీసుకుని చల్లార్చాడు. 1806 జూన్‌కు సిపాయిని చేస్తున్నామా, ఆగస్టుకు చేస్తున్నామా అన్నదాన్ని బట్టి బొమ్మ తల మారిపోతుంది. ఆ తరవాతి తరం మద్రాసు సిపాయిలకు ఉత్తమ ఆధారాల్లో ఒకటి వెల్లూరు చిత్రకారుడు ఎల్లప్ప 1832-35 ప్రాంతంలో వేసిన చిత్రాలు. నిజాం కొలువు చిత్రకారుడు రాయ్ వెంకటాచలం ఊరేగింపు చిత్రాలు అంతకు ముందు తరానికి అలాంటివే.

1813లో రెసిడెంటు హెన్రీ రసెల్ పేరు మీద మొదలైన బ్రిగేడు హైదరాబాద్ కంటింజెంటుగా పెరిగి, 1903లో భారతసేనలో కలిసిపోయింది. దాని రౌతు దళాల కోటు ముదురు పచ్చ, కాలరూ మణికట్టు పట్టీలూ తెలుపు. ఆ వారసత్వంలోని 20వ దక్కన్ హార్స్ సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడుతో ఫ్రాన్స్‌కు వెళ్ళి, 1916 జూలై 14 సాయంత్రం సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర బల్లేలతో దూకింది. ఆ రోజు తీసిన ఫొటోలు లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ పచ్చకోటు లేదు, అంతా ఖాకీ. కవాతు బొమ్మకూ యుద్ధపు బొమ్మకూ మధ్య ఇంత దూరం. దళంలో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లిములు వేరు వేరు దస్తాలుగా ఉండేవారు గనక, పచ్చకోటు ఒకటే అయినా తలపాగా కట్టు వేరు.

వనపర్తి కథ బొమ్మల ప్రపంచం ఇంకా సరిగా పట్టించుకోని సంపద. 19వ శతాబ్దంలో ఈ సంస్థాన రాజా రామేశ్వరరావు ఆఫ్రికా మూలాల సిద్దీలతో అంగరక్షక దళాన్ని నిలిపాడు. తరవాత ఆ దళం నిజాంకు చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంకు పక్కన ఏసీ గార్డ్స్ పేట ఆ బారకుల పేరు మీదిదే. అరబ్బులు, రోహిల్లాలు కూడా సంస్థానాల్లో కొలువు చేసేవారు. ఒక సంస్థానాధీశుడి ఊరేగింపును బల్ల మీద నిలబెడితే ఒకే వరసలో ఎన్ని ముఖవర్ణాలు, ఎన్ని తలపాగాలు ఉంటాయో ఊహించవచ్చు.

ఈ కాలానికి ఫొటోలు దొరుకుతాయి. నిజాం కొలువు ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ సైనిక కవాతులు తీశాడు. అయితే ఫొటో చూసి రంగు ఊహించడంలో ఒక గొయ్యి ఉంది. అప్పటి గాజు ప్లేట్లు నీలానికి ఎక్కువగా, ఎరుపుకు చాలా తక్కువగా స్పందించేవి. ఫొటోలో నల్లగా కనిపించే కోటు నిజానికి ఎరుపు కావచ్చు, లేతగా కనిపించే నడికట్టు నీలం కావచ్చు. అందుకే రాతలోని దుస్తుల నియమాలను, చేతితో వేసిన రంగు చిత్రాలను పక్కన పెట్టుకుని చూడాలి. 1911లో మేజర్ లోవెట్ బొమ్మలతో వచ్చిన భారత సేనల పుస్తకంలో 72 రంగు చిత్రాలున్నాయి. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఆన్ బ్రౌన్ సైనిక సేకరణలో యూనిఫాం చిత్రాలతో పాటు వేల చిట్టి సైనికులూ ఉన్నారు. మూడు కోణాల నుంచి చూడదగ్గ ఆధారం కావాలంటే ఢిల్లీ తీన్‌మూర్తి స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్, పాలస్తీనా వైపు వెళ్ళిన హైదరాబాద్, మైసూరు, జోధ్‌పూర్ బల్లెపు రౌతులను లెనార్డ్ జెన్నింగ్స్ 1922లో కంచులో నిలిపాడు. హైదరాబాద్ రౌతు వీపు వైపు పట్టీలు ఎలా దాటాయో ఏ ఫొటో కన్నా ఆ విగ్రహం చుట్టూ తిరిగితే బాగా తెలుస్తుంది.

కుంచె పని

ఆధారం కుదిరాక పని సూటిగానే ఉంటుంది. బొమ్మ మీది అచ్చుగీతలను ఆకురాయితో తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ప్రైమర్ వేసి, నీటిలో కలిసే అక్రిలిక్ రంగులను ఒక్క దళసరి పొరగా కాక పలచని పొరలుగా పూస్తారు. మడతల్లో చీకటి నింపడానికి నీళ్ళలా పలచన చేసిన ముదురు రంగు పారిస్తారు. మడతల అంచులకు లేత రంగు అంటిస్తారు. చిన్న వస్తువు మీద అదే రంగు అసలుకన్నా ముదురుగా కనిపిస్తుంది కాబట్టి గుడ్డ ముక్కతో సరిగ్గా సరిపోల్చిన పచ్చకోటు 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద నల్లగా తేలుతుంది. ముందే కొంచెం లేత చేసుకోవాలి. శుద్ధ నలుపు, శుద్ధ తెలుపు దాదాపు ఎక్కడా వాడకూడదు.

ఒంటిరంగు విషయంలో మార్కెట్లో దొరికే సీసాల్లో ఎక్కువ ఐరోపా చర్మానికి చేసినవే. దక్కన్ రైతు సైనికుడికి ఎర్రమట్టి గోధుమను అడుగురంగుగా వేసి, బుగ్గలకూ ముక్కుకూ కాస్త పసుపు గోధుమను తేల్చితే జీవం వస్తుంది. ఒకే దళంలో నాలుగైదు ఛాయలు ఉండాలి. కంటిగుడ్డుకు తెలుపు పెట్టే ఆశ 28 మిల్లీమీటర్లలో వదులుకోవడం మేలు. లేకపోతే ప్రతి సిపాయీ బెదిరిపోయినట్టు చూస్తాడు.

నల్లగొండ మే నెల ఎండలో అక్రిలిక్ పలకమీదే ఆరిపోతుంది. తడి స్పాంజి మీద కాగితం పరిచి దాని మీద రంగు కలుపుకుంటే గంటల పాటు నిలుస్తుంది. ఇక్కడి బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ. వాటితో పలచన చేసిన రంగు ఆరాక తెల్లటి చార వదలవచ్చు, కాబట్టి శుద్ధిచేసిన నీళ్ళు వాడాలి. వానాకాలపు తేమలో పిచికారీ వార్నిష్ పాలపొరలా తేలిపోతుంది. ఎండకాసిన రోజు దాకా ఆగాలి.

పీఠం మీద తెలంగాణ

పీఠం విషయంలో చాలామంది పిసినారులు. నెలల పాటు రంగు వేసిన కాకతీయ బంటును ఇంగ్లండు పచ్చిక మీద నిలబెడతారు. బజారులో దొరికే కృత్రిమ గడ్డి పొట్లాలు ఎక్కువ ఐరోపా వేసవికి చేసినవి. దక్షిణ తెలంగాణ నేల అది కాదు. ఇక్కడ ఎర్ర చల్క, గులకరాళ్ళు తేలిన దుబ్బ, గుండ్లుగా పేరుకున్న గులాబీ బూడిద రంగు గ్రానైటు, గద్వాల, అలంపురం వైపు నల్లరేగడి.

మంచి సంగతి ఏమిటంటే ఆ సామాను ఊరి బయటే ఉంటుంది. చల్క మట్టిని తెచ్చి, పలచటి గుడ్డలో జల్లించి, పురుగులు పోయేలా పెనం మీద వేడి చేసి, తెల్ల ఫెవికాల్ పూసిన పీఠం మీద చల్లితే సరి. జిగురు తగలగానే మట్టి ముదురుతుంది కాబట్టి ఆరాక లేత ఇటుకరంగుతో పొడికుంచె ఆడించాలి. కొలత మరిచిపోకూడదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ మనిషికి సుమారు 56వ వంతు. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు అక్కడ దాదాపు ఆరు సెంటీమీటర్ల రాయి అవుతుంది. కంటికి సన్నగా కనిపించే ఇసుక పరిస్తే సైనికుడు కంకర గుట్ట మీద నడుస్తున్నట్టు ఉంటుంది. 500 అడుగులకు పైబడి ఏకశిలగా లేచిన భువనగిరి గుట్టను అదే కొలతలో చేయాలంటే 9 అడుగులు కావాలి. కనుక కోటలున్న గుట్టల్లో ఒక మూల, ఒక మెట్టు, ఒక బురుజు పాదం మాత్రమే చేసి మిగతాది చూసేవాడికి వదిలేయాలి.

చెట్ల దగ్గర చరిత్ర మళ్ళీ పరీక్ష పెడుతుంది. ఇప్పుడు పాలమూరు రోడ్ల పక్క ఎటు చూసినా ఉండే సర్కారు తుమ్మ అమెరికా ఖండపు మొక్క. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటడంతో ఇటు అడుగుపెట్టింది. రాచకొండ నాయకుల కాలపు పీఠం మీద దాన్ని పెట్టకూడదు, నల్లతుమ్మ పెట్టాలి. గుట్టల మీద సీతాఫలం పొదలు ఎంత సహజంగా కనిపించినా, వాటి పుట్టిల్లు అమెరికా అనీ పోర్చుగీసుల కాలంలో వచ్చాయనీ ఎక్కువమంది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం. గట్ల మీద నాగజెముడు, కిత్తనార కూడా ఆ ఖండపువే. తాటిచెట్టు, ఈతచెట్టు, మోదుగ, వేప ఏ కాలానికైనా నిశ్చింతగా పెట్టవచ్చు. తాటి మట్టలకు కాగితం మడతపెట్టి కత్తిరించినవి, మొద్దుకు వెదురు పుల్ల చాలు.

ఋతువూ తేదీని బట్టే. 1948 సెప్టెంబరు 13న మొదలై నాలుగైదు రోజుల్లో ముగిసిన హైదరాబాద్ సైనిక చర్యలో ఒక సేన విజయవాడ వైపు నుంచి మునగాల, సూర్యాపేట మీదుగా వచ్చింది. వెనక్కి తగ్గుతున్న నిజాం సేన సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను కూల్చింది. ఆ దృశ్యానికి ఎండిన మట్టి పనికిరాదు. అది వానల కాలం. చల్క తడిసి ముదురు ఎరుపులో ఉంటుంది, జొన్న నడుం దాకా లేచి ఉంటుంది, ఆముదపు చేలు పచ్చగా ఉంటాయి, బండి జాడల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. నీళ్ళకు పారదర్శకమైన రెసిన్ లేదా మెరుపు వార్నిష్ రెండు మూడు పూతలు వేస్తారు.

1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటపు దళ సభ్యులను చేసేవారికి ఆ కాలంలో తెలంగాణకు వచ్చి ఫొటోలు తీసిన సునీల్ జానా పని ఆధారం. ధోవతి మోకాలి పైకి బిగించి, నెత్తికి రుమాలు చుట్టి, దొరికిన తుపాకీ పట్టుకున్న మనుషులు. తుపాకీ లేని ఊళ్ళో వడిసెలే ఆయుధం. ఎదుటివైపు రజాకార్లకూ హైదరాబాద్ సేనకూ ఖాకీ. రెండు వేల ఏళ్ళ చరిత్రలో యూనిఫాం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఇంత స్పష్టంగా ఎదురెదురుగా నిలిచిన సందర్భం ఈ ప్రాంతంలో మరొకటి కనపడదు. రెండు పక్షాలకూ ఒకే శ్రద్ధతో రంగు వేయాలి. గొంగడి మాసికకు, కాన్వాసు పట్టీ బకిలుకు ఒకే సమయం ఇవ్వాలి.

పాత సీసపు బొమ్మలు చేతికి వస్తే గీరడం, అరగదీయడం చేయకూడదు. ఆ పొడి విషం. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. కొన్ని రకాల కలప బీరువాల్లో వెలువడే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లటి బూడిదగా మారుస్తుంది గనక గాలి ఆడే గాజు అరల్లో ఉంచడం మంచిది. కొత్త బొమ్మ పూర్తయ్యాక పీఠం అడుగున సన్న అక్షరాలతో నాలుగు ముక్కలు రాయాలి. ఏ సేన, ఏ ఏడు, ఏ ఊరు, దేన్ని చూసి చేసింది. చందుపట్ల బంటు అయితే 1289, మల్లికార్జున నాయకుని పరివారం, దుస్తులు పిల్లలమర్రి, రామప్ప శిల్పాల నుంచి, ధోవతి రంగు ఊహ అని విడిగా రాయాలి. రేపు ఇంకొకరు కొత్త వీరగల్లు దొరికిందని వస్తే ఏది మార్చాలో ఆ రాతే చెబుతుంది.